బిడ్డ నోరు విప్పిన నాడు

దర్శి, కురిచేడు, పొదిలి చుట్టుపట్ల మన ఇళ్ళలో పెరిగే పిల్లలకు భాషల కొదవ లేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఫోనులో ఇంగ్లీషు. అయినా పద్నాలుగు, పదిహేనేళ్ళ ప్రాయంలో తమ దేహంలోను, మనసులోను కలిగే మార్పును పెద్దలకు విన్నవించుకోవడానికి ఈ మూడింటిలో ఒక్క మాటా వారికి దొరకదు. పదవ తరగతి ముగియగానే ఒంగోలుకో, గుంటూరుకో, విజయవాడకో హాస్టలుకు పంపుతాము. ఆ పైన వారి సందేహాలకు గురువులు తోటి పిల్లలూ, ఫోనూ.

ఆ సందేహాలలో మిక్కిలి బరువైనది ఒకటుంది: తన మనసు స్వలింగం వైపే మొగ్గుతున్నదని ఒక అబ్బాయో, అమ్మాయో గ్రహించుకోవడం. ఇటువంటి చర్చ మన పత్రికలో ఎందుకని కొందరు నొచ్చుకోవచ్చు. ధర్మ విషయాలు తెలుసుకోవడానికి అన్సార్ స్త్రీలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారన్న సంగతిని వారికి గుర్తు చేస్తున్నాము.

స్వలింగ సంపర్కం విషయంలో మన ధర్మశాస్త్ర పండితుల తీర్పు పాఠకులకు తెలిసినదే. దానిని ఇక్కడ తిరగదోడడం మా ఉద్దేశం కాదు. అయితే మనసులో మెదిలే దానికీ, చేతకూ నడుమ తేడాను ఆ పండితులే స్పష్టంగా చూపారు. హిజ్రీ ఏడవ శతాబ్దంలో డమాస్కసులో బోధించిన ఇమామ్ నవవీ, పుట్టుకతోనే ఆడతీరు నడకా మాటా గల పురుషుని గురించి వ్రాస్తూ, అతడు కావాలని తెచ్చిపెట్టుకోనిది గనుక అతనిపై నింద గానీ, పాపం గానీ లేదన్నారు. ఆయన చెప్పినది నడవడిక గురించే, ఆకర్షణ గురించి కాదు. అయినా ‘ఆడంగి’ అని పిల్లవాణ్ణి ఏడిపించే మన వీధులకు ఆ మాట చాలదా?

ముస్నద్ అహ్మద్‌లో నమోదైన ఒక ఉదంతం ఉంది. ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి కోరాడు. చుట్టూ ఉన్నవారు అతణ్ణి కసిరారు. ప్రవక్త (స) మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, నీ కూతురి విషయంలో దీనిని ఇష్టపడతావా అని ఒక్కొక్కటే అడిగారు; చివరకు అతనిపై చేయి వేసి దుఆ చేశారు. అడిగినది నిషిద్ధమైన దానినే. అయినా అడిగినవాణ్ణి గెంటివేయలేదు.

ఇక ఆరోగ్యం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుండి తొలగించింది. మరి ఇటువంటి పిల్లలలో దిగులు, ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా కనిపించడానికి కారణమేమిటి? అమెరికాలోని కాలిఫోర్నియాలో కైట్లిన్ రయాన్ బృందం శ్వేతజాతి, లాటిన్ అమెరికన్ కుటుంబాల యువతను పరిశీలించి 2009లో ఫలితాలను ప్రకటించింది. కౌమారంలో ఇంటివారి తిరస్కారాన్ని ఎక్కువగా ఎదుర్కొన్నవారు, అది అంతగా ఎరుగని వారికంటే 8.4 రెట్లు అధికంగా ఆత్మహత్యా ప్రయత్నం చేసినట్లు చెప్పారు. కుంగుబాటు 5.9 రెట్లు. ఆ ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు, నిజమే. తండ్రి ముఖం తిప్పుకుంటే బిడ్డకు కలిగే బాధ మాత్రం దర్శిలో తక్కువగా ఉంటుందని మేము అనుకోవడం లేదు.

బిడ్డ నోరు విప్పితే మన ఇళ్ళలో జరిగేదేమిటి? దెబ్బలు, చదువు మాన్పించడం, తావీజులు, లేదంటే తొందరపాటు నికాహ్. ఈ చివరిదానిపై మాకు కోపమే ఉంది. సంగతి దాచి, ఎవరి కూతురి జీవితాన్నో మన కొడుక్కి మందుగా వాడుకోవడం ఏ న్యాయం? ‘మార్చేస్తాం’ అని సొమ్ము గుంజే వైద్యులూ ఉన్నారు. అటువంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది.

ఈ వయసులో ఆకర్షణలు అందరిలోనూ స్థిరపడి ఉండవు. ఒక్క మాటతో బిడ్డపై ముద్ర వేయనూ వద్దు, చిన్నతనమని కొట్టిపారేయనూ వద్దు. హాస్టలులో ఎవరైనా బలవంతం చేశారేమో మెల్లగా అడగండి. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు అబ్బాయిలకూ అమ్మాయిలతో సమానంగా రక్షణ ఇస్తుంది. జరిగిన దౌర్జన్యం వేరు, మనసు మొగ్గు వేరు. రెండింటినీ కలిపి బిడ్డనే దోషిగా నిలబెట్టవద్దు.

మొదటి రాత్రి చేయవలసినది స్వల్పం. కేకలు వేయకుండా వినాలి, అన్నం పెట్టాలి, చుట్టాలకు ఫోన్లు చేయకుండా ఉండాలి. బిడ్డ తిండి మానినా, నిద్ర లేకున్నా, చావు మాట ఎత్తినా ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలను ఇంట్లోంచి తీసివేయండి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకువెళ్ళి మానసిక వైద్యులకు చూపవచ్చు. అర్ధరాత్రి అయితే 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.