కళాశాలలో సోదరీసంఘమున జేరవలెనా?

మన పాఠశాల విడచి కళాశాలలకు బోవు బాలికలలో పలువురు ఎల్.బి. నగర్ నుండి మెట్రో రైలులో కోఠీకి బోయి చదువుకొందురు. పరస్థలములనుండి వచ్చిన వారి సహాధ్యాయినులు దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో నుందురు. కొందఱు అమెరికాకును బోవుచున్నారు. అచ్చట జేరిన విద్యార్థినుల కెదురగు ప్రశ్న యొకటి కలదు: సోరోరిటీలో జేరవలెనా? తలిదండ్రులలో పెక్కుమంది కీ పేరే క్రొత్త గనుక కొంత వివరింపబూనితిమి.

లాటిను భాషలో ‘సోరోర్’ అనగా సోదరి. విద్యార్థినులు కొందఱు కూడి, ప్రమాణముచేసి, చందా కట్టి, తఱచుగా నొక్క యింటనే వసించుచు, అక్కచెల్లెండ్రవలె మెలగు సంఘమే సోరోరిటీ. పేరులు గ్రీకు అక్షరములు. 1870లో ఇండియానా రాష్ట్రమందలి యొక మెథడిస్టు విశ్వవిద్యాలయమున నలుగురు యువతులు కాపా ఆల్ఫా థీటా సంఘమును స్థాపించిరి. ఆ విద్యాలయము స్త్రీలను జేర్చుకొన మొదలిడినది 1867లోనే. పురుషుల నడుమ ఒంటరులైన వారికి పరస్పరము ఆసరా కావలసి వచ్చెను. ఆ కోరిక తప్పని మేమనజాలము.

అయితే ఆసరాకై కట్టుకొన్న యింటికి గోడలును లేచినవి. క్రొత్తవారిని బాతవారే పరీక్షించి యెన్నుకొందురు. నచ్చనివారికి బిలుపు రాదు. తెల్లవారి సంఘములు బహుకాలము నల్లజాతి యువతులను జేర్చుకొనలేదు. ఆ యువతులు 1908లో హోవర్డు విశ్వవిద్యాలయమున ఆల్ఫా కాపా ఆల్ఫాను తామే యేర్పఱచుకొనిరి. దక్షిణాసియా సంతతి యువతుల డెల్టా ఫై ఒమేగా 1998లో హూస్టనున బుట్టినది.

మన కళాశాలలలో నీ గ్రీకు పేరులు లేవు. వస్తువు మాత్రము లేకపోలేదు! వసతిగృహమున మొదటి రాత్రి యింటిమీది బెంగతో గూర్చున్న బాలికను “మా గదికి రా, మనది ఒక్క జిల్లాయే” యని పిలిచినవారు దేవదూతలవలె దోతురు. వారిలో ననేకులు నిజముగా మంచివారే. కాని యా చెలిమి ఒక్క కులమునకో, ఒక్క ప్రాంతమునకో, చివరకు ఒక్క సంఘపు క్రైస్తవులకో పరిమితమై, పొరుగు గదిలోని పిల్లతో మాటలాడవలదని నిర్బంధించుచున్నచో నేమి చేయవలెను? తల్లితో జెప్పరాని ప్రమాణము నడిగినచో, తండ్రి పంపిన భోజనపు సొమ్ము విందులకు గోరినచో, వెంటనే తొలగవలెనని మా యభిప్రాయము. ‘పరీక్ష’ యను పేర క్రొత్తవారి నవమానించుట 1997 నాటి ర్యాగింగు నిషేధ చట్టముచేత నేరము గూడ. తక్కిన విషయములలో దొందర వలదు. మొదటి పరీక్షలు ముగియువఱకు మాట ఈయక, అందఱితోను మెలగి చూడవలెను.

సాంగత్యమునకు వేఱు దారులు గలవు. కోఠీ మహిళా కళాశాల 1924లో బుట్టి, 2022లో విశ్వవిద్యాలయమైనది; ఇన్ని తరముల విద్యార్థినులు గ్రీకు అక్షరములు లేకయే స్నేహితురాండ్రను సంపాదించుకొనిరి. 1969లో నారంభమైన జాతీయ సేవా పథకమున వత్సరమునకు 120 గంటల సేవ, ఏడు దినముల శిబిరము నుండును. కలసి వీధులూడ్చినవారికి ఒకరి స్వభావ మొకరికి త్వరగా దెలియును! శిబిరమునకు వారము దినములు ఇల్లు విడువవలసి యుండును గనుక, పేరు వ్రాయించుటకు మున్నే తలిదండ్రులతో జెప్పి వారి యంగీకారము గైకొనవలెను.