ట్యాబ్ మారితే రాసింది ఏమైపోతుంది?

వ్యూ కొత్తగా నేర్చుకునేటప్పుడు మనందరం వి-ఇఫ్‌తోనే నెట్టుకొచ్చేస్తాం. మూడు ట్యాబ్‌ల దాకా ఫర్వాలేదు. ఆరు అయ్యేసరికి టెంప్లేట్ నిండా ఎల్స్-ఇఫ్‌లే!

మన జిల్లాల మీద ఒక పేజీ చేస్తున్నాం అనుకోండి. పొందూరు ఖాదీకి స్లైడ్‌షో, ఒకే పనస దుంగలో చెక్కే బొబ్బిలి వీణకి ఆడియో ప్లేయర్, తప్పెటగుళ్లకి వీడియో, చివర్లో చదివినవాళ్లు తమ ఊరి మాటలు రాసి పంపే ఫారమ్. నాలుగూ వేర్వేరు కాంపోనెంట్లు, కనిపించే చోటు మాత్రం ఒక్కటే. దీనికోసమే వ్యూలో కాంపోనెంట్ అనే ప్రత్యేకమైన ట్యాగ్ ఉంది. దాని ఇజ్ అనే ప్రాప్‌కి ఏ కాంపోనెంట్ ఇస్తే అక్కడ అదే కనిపిస్తుంది. ట్యాబ్ నొక్కినప్పుడు ఒక వేరియబుల్ మార్చడమే మన పని. ఐదో ట్యాబ్ వస్తే లిస్టులో ఒక లైను చేరుతుంది, అంతే.

వ్యూ 3లో స్క్రిప్ట్ సెటప్ రాసేవాళ్లు పేరుని స్ట్రింగ్‌గా కాకుండా, ఇంపోర్ట్ చేసిన కాంపోనెంట్‌నే ఇవ్వాలి. దాన్ని మామూలు రెఫ్‌లో పెడితే కన్సోల్‌లో వార్నింగ్ వస్తుంది, షాలోరెఫ్ వాడండి.

అసలు సంగతి ఫారమ్ దగ్గరుంది. పాలకొండలో ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మని అడిగి, ఫోన్‌లో ఒత్తులు వెతుక్కుంటూ ఇరవై నిమిషాలు టైప్ చేసింది అనుకుందాం. మధ్యలో ఏదో డౌటొచ్చి తప్పెటగుళ్ల ట్యాబ్ చూసి వెనక్కి వచ్చింది. ఫారమ్ ఖాళీ. "ఏటిది, రాసిందంతా ఎటెళ్లిపోయింది?" అంటుంది. వ్యూ లెక్కలో తప్పేం జరగలేదు. ఇజ్ మారగానే పాత కాంపోనెంట్ అన్‌మౌంట్ అవుతుంది, దాంతోపాటే దాని డేటా. తిరిగొచ్చినప్పుడు పుట్టేది కొత్తది. ఆ అమ్మాయి మళ్లీ కూర్చుని రాస్తుందా? నాకైతే నమ్మకం లేదు. ఆ మాటల్లో కొన్ని ఇంకెక్కడా ఎవరూ టైప్ చేసి ఉండరు కూడా.

అందుకే కీప్‌అలైవ్. కాంపోనెంట్ ట్యాగ్‌ని దాని లోపల పెడితే, తెరమీద లేకపోయినా పాతది మెమరీలో బతికే ఉంటుంది. అలాగని అన్నిటికీ పెట్టేయొద్దు. స్లైడ్‌షో కూడా బతికే ఉంటుంది కదా, దాని టైమర్ వెనకాల తిరుగుతూనే ఉంటుంది. ఆన్‌డీయాక్టివేటెడ్‌లో ఆపి, ఆన్‌యాక్టివేటెడ్‌లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాకు మాత్రం ఇంక్లూడ్‌లో ఫారమ్ పేరు ఒక్కటే ఇచ్చేయడం నచ్చుతుంది.

పేజీ రిఫ్రెష్ అయితే కీప్‌అలైవ్ కూడా ఏం చేయలేదు. ర్యామ్ తక్కువున్న ఫోన్లో కాల్ మాట్లాడి వచ్చేసరికి బ్రౌజర్ తనంతట తనే పేజీని మళ్లీ లోడ్ చేసేస్తుంది ఒక్కోసారి. కాబట్టి ఫారమ్‌లో ఒక వాచ్ పెట్టి, టైప్ చేసేదాన్ని లోకల్‌స్టోరేజ్‌లో దాస్తూ ఉండండి. మౌంట్ అయినప్పుడు అక్కడినుంచే చదవండి. పంపేశాక దాన్ని చెరిపేయాలి, లేదంటే ఈసారి ఫారమ్ తెరిస్తే పాత మాటలే ప్రత్యక్షమవుతాయి.