ఉడికించిన నాటుకోడి

ఉడికించిన నాటుకోడి అనేది నాటుకోడి మాంసాన్ని నీరు, ఉప్పు, పసుపు, అల్లం, వెల్లుల్లితో మాత్రమే ఉడికించి తయారుచేసే వంటకము. రాయలసీమలో, ముఖ్యంగా వర్షాభావ ప్రాంతమైన అనంతపురం పీఠభూమిలో, నాటుకోడిని ఎక్కువగా పులుసు చేసి రాగిసంగటితో తింటారు. ముక్క సరిగా ఉడకనిచో ఆ పులుసులో ఎంత మసాలా వేసినా ప్రయోజనం ఉండదు.

బ్రాయిలర్ కోడి సుమారు ఆరు వారాలకే కోతకు వస్తుంది. దాని ముక్కలు అరగంటలో ఉడుకుతాయి. నాటుకోడి నెలల తరబడి పెరట్లో, చేలలో తిరిగి మేస్తుంది. అందువలన దాని కండరాలలో కొల్లాజెన్ అనే మాంసకృత్తి గట్టిపడి ఉంటుంది. ఎక్కువసేపు వేడి తగిలినపుడు ఇది మెత్తని జెలటిన్‌గా మారుతుంది. ముక్కలు మునిగేటంత నీరు పోసి, ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి, మూతపెట్టి గంట నుండి గంటన్నర ఉడికించాలి. ముదురు కోడికి ఇంకా ఎక్కువ పడుతుంది. నీరు ఇగిరితే వేడినీరే కలపాలి. ప్రెషర్ కుక్కరులో సమయము, ఇంధనము రెండూ ఆదా అవుతాయి.

ఈకలు పీకి, పసుపు పూసి, మంటపై కాల్చిన కోడిని కడగక తప్పదు. అయితే కుళాయి ధార క్రింద కడిగితే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి బాక్టీరియా తుంపరలతో పక్కనున్న పాత్రలకు చేరవచ్చు. గిన్నెలో కొద్ది నీటితో మెల్లగా కడగడం మేలు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో ఇది మరీ నయం. మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఈ బాక్టీరియా నశిస్తాయి.

ఉడికిన నీటిని పారబోయరాదు. అందులో మిరియాలు, జీలకర్ర దంచి వేస్తే మంచి చారు అవుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో మిగిలిన మాంసాన్ని గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా ఆ పూటే తినివేయాలి.