ఉప్పు, చక్కెర, ఒక వైద్యుని తెగువ

బన్‌గావ్ కాందిశీక శిబిరంలో ప్రాణదానం చేసిన సృజనశక్తి

1971 జూన్ మాసం చివరి రోజులు. తూర్పు పాకిస్థాన్‌లో చెలరేగిన యుద్ధానికి తాళలేక లక్షలాది ప్రజలు ఇల్లూ వాకిలీ విడిచి, పిల్లలను చంకనెత్తుకొని, ముసలివారిని భుజాన మోసుకొని పశ్చిమ బెంగాల్ సరిహద్దు దాటుతున్నారు. ఆ సంవత్సరాంతానికి భారతదేశం చేరిన కాందిశీకుల సంఖ్య దాదాపు కోటి. కలకత్తాకు సుమారు 80 కిలోమీటర్ల దూరాన, జెస్సోర్ రోడ్డు మీద ఉన్న బన్‌గావ్ అనే చిన్న పట్టణం ఆ జనప్రవాహానికి ముఖద్వారమైంది. వానలు మొదలయ్యాయి. తలదాచుకోవడానికి చోటు లేదు. తాగడానికి మంచినీరు లేదు. అటువంటి చోటికి కలరా పిలవని చుట్టంలా వస్తుంది.

బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులను ఉంచిన గదులు రెండు. మంచాలు ఎప్పుడో నిండిపోయాయి. మిగిలినవారు నేల మీద, ఒకరి పక్కన ఒకరు, వాంతులూ విరేచనాల మధ్యనే పడి ఉన్నారు. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య పరిశోధన కేంద్రం నుంచి ఒక చిన్న బృందంతో అక్కడికి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ మురికిలోనే మోకరిల్లి రోగుల నరాలలోకి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు.

రెండు రోజులు గడిచేసరికి ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది: ఈ పోరాటంలో తాము ఓడిపోతున్నారు. సెలైన్ నిల్వలు తరిగిపోతున్నాయి. బృందంలో నరానికి సూది గుచ్చి ద్రవం ఎక్కించడం తెలిసినవారు ఇద్దరే. శిబిరాలలో కలరా సోకినవారిలో నూటికి ముప్ఫై మంది వరకు మరణిస్తున్నారు.

చేయవలసినదంతా చేశామని సరిపెట్టుకొని, మరిన్ని సీసాల కోసం కలకత్తాకు కబురు పంపి ఎదురుచూడవచ్చు. ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన ఆ దారి ఎంచుకోలేదు.

దాహమే మృత్యువు

కలరా మనిషిని చంపే తీరు విచిత్రమైనది. సూక్ష్మజీవి కంటే, అది శరీరం నుంచి బయటికి తోడివేసే నీరే ప్రాణాంతకమవుతుంది. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు ఒక్క గంటలో లీటరు వరకు నీరు, దానితోపాటు లవణాలూ బయటికి పోవచ్చు. కళ్ళు గుంటలు పడతాయి, నాడి అందదు, ఉదయం లేచి తిరిగిన మనిషి సాయంత్రానికి మిగలడు. తెలంగాణ పల్లెల్లో ‘గత్తర’ అన్న మాట వింటేనే ఊళ్ళు ఖాళీ అయ్యేవంటే అందుకు కారణం ఈ వేగమే.

పోయిన నీటిని తిరిగి నింపితే మనిషి బ్రతుకుతాడు. ఈ సత్యం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. కాని ఎలా నింపాలి? నోటి ద్వారా ఇచ్చిన వట్టి నీటిని జబ్బుపడిన పేగు నిలుపుకోలేదు. అందుచేత నరం ద్వారా ఎక్కించడమే శాస్త్రసమ్మతమైన మార్గంగా స్థిరపడింది. దానికి శుద్ధమైన ద్రవం కావాలి, సూదులు కావాలి, శిక్షణ పొందిన చేతులు కావాలి. పెద్ద ఆసుపత్రిలో ఇవన్నీ ఉంటాయి. బన్‌గావ్ నేల మీద లేవు.

ఒక నగరం పోగుచేసిన జ్ఞానం

మహలనబీస్ చేసిన ఆలోచన శూన్యం నుంచి పుట్టలేదు. కలరాతో కలకత్తా నగరానికున్న పరిచయం పాతది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1884లో ఈ వ్యాధి క్రిమిని వేరుచేసి గుర్తించింది ఈ నగరంలోనే. 1953లో హేమేంద్రనాథ్ చటర్జీ అనే కలకత్తా వైద్యుడు 186 మంది కలరా రోగులకు నోటి ద్వారానే ద్రవమిచ్చి చికిత్స చేసిన వివరాలను ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఆయన ప్రయోగంలో పోల్చి చూడడానికి మరొక రోగుల వర్గం లేదు. వైద్యప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. 1959లో శంభునాథ్ డే, ఇక్కడే పరిమితమైన పరికరాలతో పనిచేస్తూ, కలరా క్రిమి విడుదల చేసే ఒక విషపదార్థమే పేగు నుంచి నీటిని తోడివేస్తున్నదని నిరూపించారు. ఆ మరుసటి సంవత్సరం రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మరొక రహస్యం విప్పారు: పేగు గోడ గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు దానితోపాటు సోడియంను కూడా తీసుకుంటుంది. ఉప్పు వెంట నీరు వస్తుంది. అంటే ఉప్పుకు చక్కెర తోడైతే, కలరా సోకిన పేగు సైతం నీటిని పీల్చుకుంటుందన్నమాట.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువవైద్యులు రోగుల మీద ఈ సూత్రాన్ని పరీక్షించి మంచి ఫలితాలు సాధించారు. కలకత్తాలో మహలనబీస్ కూడా 1960ల మధ్యనుంచి ఇదే పరిశోధనలో ఉన్నారు. అయితే ఈ పరీక్షలన్నీ ఆసుపత్రి వార్డులలో, నిపుణుల కనుసన్నలలో జరిగినవి. లోపలికి పోయిన ప్రతి చుక్కకూ, బయటికి వచ్చిన ప్రతి చుక్కకూ అక్కడ లెక్క ఉండేది. అంతకుముందు మనీలాలో జరిగిన ఒక ప్రయోగంలో ద్రావణం పాళ్ళు కుదరక కొందరు రోగులు మరణించారు కూడా. అందువల్ల, శిక్షణ లేనివారి చేతికి ఈ చికిత్సను అప్పగించడం ప్రమాదమని నిపుణులు భావించేవారు. వారి భయం నిరాధారమైనది కాదు.

గ్రంథాలయంలో తయారైన ఔషధం

ఈ నేపథ్యమంతా తెలిసి కూడా మహలనబీస్ నిర్ణయం తీసుకున్నారు. నరం ద్వారా ఎక్కించే సెలైన్‌ను మరణం అంచున ఉన్నవారికి మాత్రమే వినియోగించాలి. మిగిలిన అందరికీ తాగే ద్రావణమే ఇవ్వాలి.

ఆయన ఎంచుకున్న పాళ్ళు ఇవి: లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా. దొరకడానికి కష్టమైనదీ, ఖరీదైనదీ ఇందులో ఒక్కటీ లేదు. కలకత్తాలోని పరిశోధన కేంద్రపు గ్రంథాలయం గది తాత్కాలికంగా మందుల కర్మాగారమైంది. పదార్థాలను తూచి, పాలిథీన్ సంచులలో పోసి, మూతులను వేడి ఇస్త్రీపెట్టెతో అతికించి బన్‌గావ్‌కు పంపారు. అక్కడ పెద్ద డ్రమ్ములలో నీళ్ళు పోసి ఈ పొడిని కలిపారు. రోగుల బంధువులు గిన్నెలతో, లోటాలతో ఆ నీటిని పట్టుకొనిపోయి తమవారికి తాగించసాగారు.

అయితే ఉప్పునీళ్ళు ప్రాణం నిలుపుతాయంటే నమ్మేదెవరు? ప్రజలు సీసాలో వేలాడే సెలైన్‌నే మందుగా ఎరుగుదురు. వైద్యబృందం ఆ నమ్మకంతో తగవు పెట్టుకోలేదు. ఇది కూడా సెలైనే, నోటితో తాగే సెలైన్ అని చెప్పింది. ఆ మాటతో తల్లులకు ధైర్యం వచ్చింది. రోగి వాంతి చేసుకున్నా ఆపకుండా, కొద్దికొద్దిగా తాగిస్తూనే ఉండమన్నారు. రాత్రంతా మేలుకొని చెంచాతో బిడ్డ నోట్లో నీళ్ళు పోయడానికి తల్లికి డిగ్రీ అక్కరలేదు.

సుమారు రెండు నెలలలో ఆ బృందం 3,700 మందికి పైగా రోగులకు చికిత్స చేసింది. వారిలో మరణించినవారు నూటికి 3.6. ముప్ఫై ఎక్కడ, మూడున్నర ఎక్కడ!

సందేహాలను దాటి

ఇంతటి విజయాన్ని లోకం వెంటనే నెత్తిన పెట్టుకుందని అనుకుంటే పొరపాటు. చదువురాని బంధువులు తాగించిన ఉప్పునీళ్ళతో కలరా నయమైందంటే పలువురు నిపుణులు పెదవి విరిచారు. ఆయన వ్యాసం 1973లో గాని అచ్చుకాలేదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న డాక్టర్ ధీమన్ బరువా శిబిరాన్ని స్వయంగా చూశారు; చూసినదాన్ని నమ్మారు; నమ్మినదానికోసం సంస్థలోపల వాదించారు. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార వ్యాధుల నివారణకు ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది. పాతికేళ్ళ క్రితం చటర్జీ వ్యాసాన్ని ప్రచురించిన ఆ ‘లాన్సెట్’ పత్రికే, అదే సంవత్సరం, ఈ చికిత్సాసూత్రం వెలికిరావడం ఈ శతాబ్దపు అతిముఖ్య వైద్యవిజయం కాగలదని సంపాదకీయం రాసింది.

నేడు పల్లెలోని చిన్న మందుల దుకాణంలో కూడా దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఉన్న కథ ఇది. తరువాతి పరిశోధనల ఫలితంగా దాని పాళ్ళు మారాయి. 2002 నుంచి ఉప్పునూ గ్లూకోజునూ తగ్గించిన మిశ్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తున్నది. బియ్యప్పిండితో ద్రావణం తయారుచేసే ప్రయోగాలు కూడా ఢాకాలో జరిగాయి, వాటిలో మహలనబీస్ పాలుపంచుకున్నారు. జబ్బుపడినవారికి ఉప్పు వేసిన గంజి తాగించే తెలుగు ఇల్లాలికి ఆ ఆలోచన కొత్తదిగా తోచదు. ఈ చికిత్స ఇంతవరకు నిలబెట్టిన ప్రాణాలు ఐదు కోట్లకు పైబడినవని అంచనా.

మహలనబీస్ ఈ ద్రావణానికి పేటెంటు తీసుకోలేదు. 2002లో పోలిన్ బహుమతిని మరి ముగ్గురితో కలిసి అందుకున్నారు. తాను వైద్యవృత్తిలో తొలి అడుగులు వేసిన కలకత్తా పిల్లల ఆసుపత్రికి కోటి రూపాయలు విరాళమిచ్చారు. 2022 అక్టోబరులో, 87వ ఏట, ఆ నగరంలోనే కన్నుమూశారు. ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది మరుసటి జనవరిలో. అప్పటికి ఆయన లేరు.

తెగువకు పునాది

సృజనశక్తి కొందరికి పుట్టుకతో అబ్బే వరమని, సాహసం వీరుల సొత్తని సామాన్యంగా అనుకుంటారు. బన్‌గావ్ చెప్పే పాఠం వేరు. అక్కడ కొత్త పదార్థం ఏదీ కనిపెట్టబడలేదు. ఉప్పు పాతది, చక్కెర పాతది, సూత్రం కూడా అప్పటికి తెలిసినదే. కొత్తది ఒక్కటే: చికిత్సకు ఏది తప్పనిసరి, ఏది కేవలం అలవాటు అని విడదీసి చూసిన చూపు. నీరు తప్పనిసరి, లవణం తప్పనిసరి. సూది తప్పనిసరి కాదు. అలవాటును పక్కకు తొలగించేసరికి మిగిలినది ఒక తల్లి చేతిలో ఇమిడే లోటా. సృజన అంటే ఎల్లప్పుడూ అదనంగా చేర్చడమే కాదు. చాలాసార్లు అనవసరమైనదాన్ని వదులుకోవడం.

సాహసం విషయమూ అంతే. తెలియక దూకేవాడిది దుస్సాహసం. మహలనబీస్ తెగువ వెనుక ఏళ్ళ తరబడి పరిశోధన ఉంది. తప్పిపోతే ఏమవుతుందో మనీలా అనుభవం చెప్పే ఉంది. ప్రమాదాన్ని తూచి చూసి, ఊరకుండడం అంతకన్నా పెద్ద ప్రమాదమని తేల్చుకొన్న తరువాతనే ఆయన అడుగు వేశారు. అంతకంటె అరుదైన ధైర్యం మరొకటి ఆయన చూపారు. ఎంతో శ్రమించి నేర్చిన విద్యను తన గుప్పిటలో దాచుకోకుండా, అక్షరం రాని మనిషి చేతిలో పెట్టి, నీవు చేయగలవు అని నమ్మారు. నిపుణుడికి తన అవసరం తగ్గించుకోవడం కన్నా కష్టమైన పని లేదు.

ఈ రెండు గుణాలూ ఆపద వచ్చిన రోజున హఠాత్తుగా మొలకెత్తవు. అవి అభ్యాసంతో పెరిగేవి. చేస్తున్న పనిని శ్రద్ధగా నేర్చుకోవడం, ‘ఇది ఇలాగే ఎందుకు చేయాలి?’ అని అప్పుడప్పుడు ప్రశ్నించుకోవడం, చిన్న విషయంలోనైనా తన నిర్ణయానికి తాను బాధ్యత వహించడం, నలుగురు నవ్వినా ఫలితం కనిపించేదాకా ఓర్చుకోవడం. పాఠం అర్థంకాని పిల్లవాడికి పుస్తకం మూసి చింతగింజలతో లెక్క చెప్పే ఉపాధ్యాయుడు చేసేది ఈ సాధనే. ఒక్క మడిలో కొత్త పద్ధతి వేసి చూసి, పండితే పొరుగువాడికి చెప్పే రైతు చేసేదీ ఇదే. ఇటువంటి చిన్న తెగువలు అలవాటైన మనిషే, నిజంగా కష్టకాలం వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చోడు.

బన్‌గావ్‌లో రోగులకు మందు తాగించిన ఆ తల్లుల, అన్నదమ్ముల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. కాని వారి చేతులు లేకుంటే వైద్యుని ఆలోచన ఆలోచనగానే మిగిలేది. తెగువ ఒకరి నుంచి మరొకరికి అంటుకొనే గుణం. ఆ రోజులలో అక్కడ అది కలరా కన్నా వేగంగా వ్యాపించింది.