నాటకాన్ని దాచుకున్న ఇల్లు

పోలెండ్‌లోని క్రాకోవ్ నగరంలో, విస్తులా నది దక్షిణపు ఒడ్డున పొద్గుజె పేట ఉంది. అక్కడి పాత కరెంటు ఉత్పత్తి కేంద్రం పైన తుప్పురంగు ఉక్కు తొడుగుతో ఓ పెద్ద కట్టడం వంతెనలా నిలబడి ఉంటుంది. తలెత్తి చూస్తే, అద్దంలా మెరిసే దాని అడుగుభాగంలో పాత గోడలూ, దారినపోయే మనుషులూ తలకిందులుగా కనిపిస్తారు. 2014లో తెరుచుకున్న ఈ కట్టడమే క్రికోతెకా మ్యూజియం కొత్త ఇల్లు. బల్లను మోస్తున్న మనిషిని చూపే తదేవుష్ కాంతోర్ చిత్రమే ఈ కట్టడానికి ప్రేరణ.

కాంతోర్ (1915-1990) చిత్రకారుడు, దర్శకుడు. నాజీల ఆక్రమణ కాలంలో ప్రాణాలకు తెగించి రహస్యంగా నాటకాలు ఆడించాడు. 1944లో ఆయన వేసిన నాటకంలో గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ జర్మన్ సైనికుడి దుస్తుల్లో ఇల్లు చేరాడు. 1975 నాటి ‘మృత తరగతి’ నాటకంలో ముసలివాళ్లు తమ బాల్యాన్ని బొమ్మల రూపంలో మోసుకుంటూ బడి బల్లల దగ్గరికి తిరిగొస్తారు. కాంతోర్ కూడా వేదిక మీదే ఉండి, చేతి సైగలతో ఆటను నడిపించేవాడు.

ఈ కళకు పునాది వేసినవారిలో చిత్రకారిణి, శిల్పి మరియా యరేమా (1908-1958) ముఖ్యురాలు. ఆమె అన్న యూజెఫ్ 1933లో ‘క్రికో’ అనే చిత్రకారుల నాటకశాల పెట్టాడు. యుద్ధంతో అది ఆగిపోయింది. 1955లో ఆమె కాంతోర్‌తో, చిత్రకారుడు కజీమేష్ మికుల్‌స్కీతో కలిసి ‘క్రికో 2’ను నిలబెట్టింది. సోషలిస్టు వాస్తవికత తప్ప మరో కళకు చోటివ్వని పాలన అప్పుడప్పుడే సడలుతోంది. మరుసటి ఏడాది విట్కీవిచ్ రాసిన ‘మోంత్వా’తో ఆ సంస్థ తొలి ప్రదర్శన ఇచ్చింది. ఆ నాటకానికి దుస్తులు రూపొందించింది యరేమాయే. మరో రెండేళ్లకు, యాభై నిండకుండానే, లుకేమియా ఆమెను బలిగొంది. ‘మృత తరగతి’ ప్రపంచమంతా తిరిగిన రోజులు ఆమె చూడలేదు.

తెర పడ్డాక నాటకం మాయమైపోతుందని కాంతోర్‌కు తెలుసు. అందుకే 1980లో, తాను బతికుండగానే, పాత ఊళ్లోని కనోనిచా వీధిలో క్రికోతెకాను స్థాపించాడు. బల్లలు, బొమ్మలు, రేఖాచిత్రాలు, రాతప్రతులు అన్నీ అందులో భద్రపరిచాడు. చివరి నాటకం సాధనలో ఉండగా 1990 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన లేకుండానే నటులు మరుసటి ఏడాది దాన్ని ప్రదర్శించారు.

నాటకం పదిమంది కష్టం. పేరు మాత్రం ఒక్కరికే మిగులుతుంది. కాంతోర్ గొప్పతనానికి ఏ లోటూ రాకుండానే యరేమాను ఆయన పక్కన సమానంగా నిలపవచ్చు, నిలపాలి కూడా. క్రాకోవ్ వెళ్లేవాళ్లు వావెల్ కోటతో ఆగిపోకుండా నది దాటి పొద్గుజెకు వెళ్లండి. కాంతోర్ బొమ్మల ముందు నిలబడినప్పుడు మరియా యరేమా పేరునూ తలుచుకోండి.