వయసు అడ్డం... గాయం అడ్డం... అయినా గెలిచాడు!

ఆటగాడు సిద్ధం. జట్టు సిద్ధం. అడ్డొచ్చింది ఒక్కటే... వయసు! 2021 మొదట్లో సిడ్నీ కుర్రాడు జోసెఫ్ సువాలీ పరిస్థితి ఇది.

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ అంటే పడిచస్తారు. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని, మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టేసినట్టు, ఇద్దరు ముగ్గురు మీదపడి కూలదోస్తారు. 80 నిమిషాలూ ఇదే తంతు. లేత వయసు పిల్లలు ఆ దెబ్బలకు తట్టుకోలేరన్న ఉద్దేశంతోనే అక్కడి అగ్రశ్రేణి పోటీ ఎన్ఆర్ఎల్‌లో 18 ఏళ్లు నిండనివారిని ఆడనివ్వరు. సువాలీ ఆట చూసి మాత్రం ఆ నిబంధనను సడలించారు. మే నెలలో, 17 ఏళ్లకే, సిడ్నీ రూస్టర్స్ తరఫున బరిలోకి దిగాడు.

ఇక తిరుగులేదనుకున్నారంతా. కొన్ని మ్యాచ్‌లు ఆడాడో లేదో పాదానికి గాయం... ఆ సీజన్ అంతటితో సరి!

కోలుకుని వచ్చాడు. 2022లో సమోవా తరఫున ప్రపంచకప్ ఫైనల్ ఆడాడు. ఆస్ట్రేలియా చేతిలో ఓటమి తప్పలేదు. 2024 జూన్‌లో ప్రతిష్ఠాత్మకమైన ‘స్టేట్ ఆఫ్ ఆరిజిన్’ పోరులో న్యూ సౌత్ వేల్స్‌కు తొలిసారి ఆడాడు. ప్రత్యర్థి తలకు తగిలేలా ఢీకొట్టడంతో పది నిమిషాలైనా కాకముందే రిఫరీ బయటికి పంపేశాడు.

అదే ఏడాది నవంబరులో, 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌కు మారి, ఆస్ట్రేలియా జట్టులో తొలి టెస్టు ఆడాడు. లండన్‌లో ఇంగ్లండ్‌పై 42-37తో గెలుపు. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు... సువాలీయే!

చిన్న వయసులోనే తలుపు తెరిపించింది ప్రతిభే. తర్వాత నిలబెట్టింది మాత్రం, పడ్డ ప్రతిసారీ లేచి మళ్లీ బంతి అందుకోవడమే.