పాత టర్బో కారు లాగడం లేదా? ముందు గాలి మార్గం చూడాలి

సూరత్: సూరత్ మరమగ్గాల పరిశ్రమపై ఆధారపడిన తెలుగు కుటుంబాలు పండుగలకు, పెళ్లిళ్లకు స్వగ్రామాలకు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంటాయి. పాత టర్బో డీజిల్ కారులో బయలుదేరిన వారికి దారిలో ఇంజిన్ శక్తి తగ్గితే, వెంటనే టర్బోను మార్చడం ఖరీదైన పొరపాటు కావచ్చు.

ఇంజిన్ వదిలే పొగ వేగంతో టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరుగుతూ, సిలిండర్లలోకి అదనపు గాలిని ఒత్తిడితో పంపుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా ఆ గాలి తగ్గుతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఈల వంటి శబ్దం, గొట్టం అతుకుల వద్ద ఆయిల్ మరకలు లీకేజీకి ఆనవాళ్లు.

పొగ రంగు కూడా కారణాన్ని సూచిస్తుంది. నల్లని పొగ గాలి చాలడం లేదని లేదా ఇంధనం ఎక్కువైందని తెలుపుతుంది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్లు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగక, కూలెంట్ తగ్గుతుంటే అది సిలిండర్‌లోకి చేరుతుండవచ్చు.

నీలి పొగతో పాటు ఆయిల్ మట్టం పడిపోతుంటే ప్రయాణం ఆపాలి. టర్బో సీలు నుంచి కారే ఆయిల్‌నే మండించుకుంటూ డీజిల్ ఇంజిన్ తాళం తీసినా ఆగకపోవచ్చు. మిగతా సందర్భాల్లో ఫిల్టర్, గొట్టాలు, వాక్యూమ్ పైపులు, సెన్సర్లు వరుసగా పరీక్షించాకే టర్బో జోలికి వెళ్లడం మేలు.